వెనక చక్రం మీద సుద్దగీత

హమమత్సు
అక్టోబరు 9, 1994

ప్రియమైన రొకురో బాబాయికి,

నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆ సాదో దీవిలో చేపలు నీ ఫోన్ కూడా మింగేశాయా?

నాన్న మోటార్‌సైకిల్ గోల పెడుతోంది. యాక్సిలరేటర్ తిప్పితే వెనకనుంచి ఒక ‘డక్’, వదిలితే ఇంకో ‘డక్’. రోజంతా పియానోలు శ్రుతి చేసేదాన్ని, ఆ చప్పుడు నాకు పంటి కింద రాయిలా తగులుతోంది. నగసే మెకానిక్ షాపుకి తీసుకెళ్ళాను. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, “గేర్‌బాక్స్ పోయిందమ్మా. ముప్పై మూడేళ్ళ బండి, ఇంకెన్నాళ్ళు తోముతావు? నాకిచ్చెయ్, మా కాఫీ హోటల్ గోడకి తగిలిస్తా. నువ్వో స్కూటర్ కొనుక్కో” అన్నాడు.

నవంబరు పదహారున ప్రభుత్వ తనిఖీ. అందులో నెగ్గకపోతే బండి రోడ్డెక్కకూడదు. గోడకి తగిలించడానికి అదేమైనా జింక తలకాయా? నేనివ్వను. ఏం చెయ్యాలో చెప్పు.

నీ మిత్సుయో

సాదో
అక్టోబరు 15

మా బంగారు మిత్సుయోకి,

ఫోన్‌లో వినిపిస్తే బండి సగం అబద్ధాలు చెబుతుంది. రాయాలంటే నువ్వే సరిగ్గా వినాలి. అందుకే ఫోన్ ఎత్తను.

నగసే చేతికి నూనె అంటి పదేళ్ళయింది. వాడి మాట వదిలెయ్. బండిని నడిమి స్టాండు మీద పెట్టి, ఇంజన్ ఆపి, మొదటి గేరు వెయ్యి. వెనక గొలుసు పళ్ళచక్రం మీంచి, చక్రం నడుమనున్న హబ్బు మీదికి ఒకటే సుద్దగీత గియ్యి. ఇప్పుడు చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ ఊపు. గీత చెక్కుచెదరకుండా ఉండి, చప్పుడు ఇంజన్ వైపునుంచి వస్తే నగసే గెలిచినట్టు. గీత రెండుగా విడిపోతే జబ్బు హబ్బులోనే ఉంది. గేర్‌బాక్స్ మీద ఎవరి చెయ్యీ పడనివ్వకు.

తనిఖీకి ఏజెంటుని పెట్టకు, నువ్వే తీసుకెళ్ళు. అక్కడివాళ్ళు మూతి ముడుస్తారు. ముడుచుకోనీ.

కొట్టు మూయించిన నా నడుం నొప్పి అలాగే ఉంది. మిగతా అంతా కులాసా.

మీ బాబాయి

హమమత్సు
అక్టోబరు 23

ప్రియమైన బాబాయ్,

ప్రియమైన అని రాయడానికి కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

గీత రెండయింది. హబ్బు విప్పాను. కుదుపు ఆపడానికి రబ్బర్లు ఉండాల్సిన చోట నీలం రంగు హవాయి చెప్పు ముక్కలున్నాయి. ఒకదాని మీద సైజు నంబరు కూడా చెరగలేదు. యుద్ధమయ్యాక ఏమీ దొరకని రోజుల్లో చెప్పుల అడుగులు కోసి పెట్టేవాళ్ళమని నువ్వే చెప్పేవాడివి. కిందటేడు మార్చిలో నీ మెకానిక్ కొట్టు మూసేముందు ఆఖరుగా దీన్ని బాగుచేసి, నడిపి చూసి, “పదేళ్ళు నిశ్చింత” అన్నావు.

ఆ చప్పుడు ఆ వారంలోనే సన్నగా వినబడింది. నువ్వు బాగుందన్నావు కదా అని నా చెవినే అనుమానించాను. ఇంత మేస్త్రీవి, నీకెలా వినబడలేదు? తెలిసే ఇచ్చావా? సూటిగా చెప్పు.

మిత్సుయో

సాదో
నవంబరు 6

మిత్సుయోకి,

పది రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుంటున్నాను.

నాకు వినబడదు. ఆ మార్చికే ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోదీ దాదాపు అంతే. నడుం నొప్పి అబద్ధం. కొట్టు మూసింది చెవుల వల్లే. ఫోన్ మోగినా నాకు తెలియదు.

రబ్బర్లు ఎక్కడా దొరక్క చెప్పు కోశాను. పూర్వం ఎన్ని బండ్లకి చేశానో. అప్పట్లో నడిపి వినేవాణ్ణి, చప్పుడొస్తే మళ్ళీ విప్పి ఇంకాస్త మందం ముక్క వేసేవాణ్ణి. ఈసారి నడిపితే ఏమీ వినబడలేదు. బాగుందని నీతో చెప్పేశాను. చెవిటి మేస్త్రీ అనిపించుకోవడానికి సిగ్గేసింది.

ఇక నా మాట మీద బండి నడపకు. నగసేకి ఇచ్చినా నేనేమీ అనను. నన్ను చూడ్డానికి రావద్దు.

రొకురో

హమమత్సు
నవంబరు 17

ప్రియమైన మా బాబాయికి,

రావద్దన్నావు. శనివారం ఓడకి వస్తున్నాను, బండితో సహా.

పియానోల కాళ్ళకి రబ్బర్లు చేసే పెద్దాయన చేత అచ్చు కొలతకి కొత్తవి చేయించి నేనే బిగించాను. నిన్న తనిఖీలో, “ఏజెంటు ఏడమ్మా?” అన్నారు. “నేనే” అన్నాను. తనిఖీ అధికారి చిన్న సుత్తితో ప్రతి నట్టూ తట్టి చూశాడు. “ఎవరు చేశారిది?” అనడిగాడు. “మా బాబాయి చెప్పాడు, నేను చేశాను” అన్నాను. ముద్ర కొట్టాడు. వచ్చేటప్పుడు నగసే షాపు ముందు కావాలనే మూడుసార్లు గేరు మార్చాను. కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. “గోడ ఖాళీగా ఉంటే మీ ఫోటో తగిలించుకోండి” అని చెప్పి వచ్చాను.

ఏడాదిన్నర అబద్ధం చెప్పావు. ఆ కోపం నాకింకా ఉంది, ఎదురుగా కూర్చుని తిడతాను. కానీ రెండు చెవులూ ఉన్న నగసే పక్కనే ఉండి పట్టుకోలేనిదాన్ని నువ్వు సముద్రం అవతల ఉండి ఒక సుద్దగీతతో పట్టావు. నువ్వు పనికిరావని ఎవరన్నా ఊరుకోను. నువ్వన్నా సరే.

నాకు పని నేర్పినాయన ముసలితనంలో చెవులు మందగించాక చెక్కపుల్ల పళ్ళతో కరిచిపట్టి, రెండో కొస పియానోకి ఆనించి ఎముకల గుండా వినేవాడు. నీ పొడుగు స్క్రూడ్రైవర్ తుడిచి ఉంచు. పిడి నీ పళ్ళ మధ్య, కొస హబ్బు మీద. చక్రం నేను ఊపుతాను. బాగుందో లేదో నిజం చెప్పు. చెప్పేదాకా తిరుగు ఓడ ఎక్కను.

నీ మాట ఇంకా వినే,
మిత్సుయో