అన్నయ్య వేళ్లకు ఒక కొండ

మార్చి 3, మంగళవారం

వదిన ఫోన్ చేసింది. అన్నయ్య తన బొమ్మ సైనికుల పెట్టెను గడియారం మాస్టారికి ఇచ్చేస్తానంటున్నాడట. వేలెడంత లేని ఒక్కొక్కడికీ రంగులేసి, టోపీ అంచులు దిద్ది, ఇరవై ఏళ్లుగా పోగుచేసుకున్న సైన్యం అది. చూపు తగ్గిందని బస్సు డ్రైవింగ్ మానిపించినప్పుడు కూడా నోరెత్తని మనిషి. ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ కనబడదు. ఆ సైనికులతో ప్రతి శుక్రవారం ఆడే యుద్ధం ఆట నెల రోజులుగా లేదు. గడియారాలు బాగుచేసే ఆ మాస్టారు, ఆటలో అన్నయ్యకు ఆగర్భ శత్రువు, గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్తున్నాడట.

ఇన్నేళ్లూ వాళ్లిద్దరినీ "గడ్డాలు నెరిసిన బొమ్మలాట" అని ఏడిపించాను. నాలుక కరుచుకున్నాను.

మార్చి 5, గురువారం

నేను పనిచేసే షోరూమ్‌లో కొత్త ఫ్రిజ్ విప్పుతుంటే తట్టింది. అన్నయ్య యుద్ధభూమి అంతా అట్ట మీద వేసిన రంగే. పచ్చగా ఉంటే అడవి, నీలంగా ఉంటే నది. రంగు కనబడనివాడికి అదంతా ఒకటే చదును. అదే చేతికి తగిలేలా చేస్తే?

ఫ్రిజ్ చుట్టూ వచ్చిన థర్మాకోల్ మొత్తం ఆటోలో ఇంటికి తెచ్చాను. ఆటో అతను ఫ్రిజ్ ఏదమ్మా అని అడిగాడు.

మార్చి 8, ఆదివారం

పొద్దున్నుంచీ కట్టర్‌తో కోసి, పొర మీద పొర అంటించి, కొండ ఒకటి నిలబెట్టాను. ముద్దొచ్చింది. బూడిద రంగు స్ప్రే కొట్టాను. కళ్లముందే బుసబుసమని కరిగిపోయింది. కొండ పోయి పుట్టగొడుగు మిగిలింది. స్ప్రే థర్మాకోల్‌ను తినేస్తుందని హార్డ్‌వేర్ షాపతను ఇప్పుడు చెబుతున్నాడు. ముందు తెల్ల గమ్ కలిపిన రంగు బ్రష్‌తో రెండుసార్లు పట్టించాలట.

మార్చి 9

షోరూమ్‌లో మేనేజర్ నా జడలోంచి పదకొండు థర్మాకోల్ పూసలు ఏరింది.

మార్చి 14, శనివారం

రెండో కొండ బతికింది. దారికి గరుకు కాగితం. అడవికి గిన్నెలు తోమే పీచు. నదికి గాడి తవ్వి, గాజులా జారేదాకా వార్నిష్ పూశాను. తీసుకెళ్లి అన్నయ్య ముందు పెట్టాను. ఏమిటో చెప్పలేదు.

చాలాసేపు తడిమాడు. నదిలో వేలు పెట్టి చివరిదాకా వెళ్లాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి అన్నయ్య, ఈ కొండకు ఎవరే ఇస్త్రీ చేసింది, అన్నాడు.

ఇంత నున్నటి కొండ లోకంలో ఎక్కడా లేదట. ఒక ముక్క ఇవ్వమన్నాడు. కట్టర్ ఇవ్వబోతే వద్దని, వేళ్లతోనే విరిచాడు. చెబితే నమ్మరు, విరిగిన అంచు అచ్చం బండరాయి! నా కట్టర్ సిగ్గుపడాలి.

మార్చి 22, ఆదివారం

వారమంతా సాయంత్రాలు అక్కడే. అన్నయ్య విరుస్తాడు, నేను అంటిస్తాను. తాను పద్దెనిమిదేళ్లు బస్సు నడిపిన ఘాట్ రోడ్డు కట్టిస్తున్నాడు. ఇక్కడ సెకండ్ గేర్, ఇక్కడ హారన్ కొట్టాలి, ఈ మలుపులో లోయ వైపు చూడకూడదు అంటూ నా చెయ్యి పట్టుకుని వంపు చూపించాడు. దారి మొత్తం ఆయన భుజాల్లోనే ఉంది.

సైనికులు ఎంత దూరం జరగాలో కొలవడానికి అంగుళానికో ముడి వేసిన దారం. తన సైనికులు నిలబడే పీటల అంచున గమ్ చుక్క, తనవాళ్లెవరో చేతికి తెలిసేలా.

రంగులెందుకు ఇక, వదిలేద్దాం అన్నాను. కోప్పడ్డాడు. మాస్టారికి కళ్లున్నాయి కదే, ఆయన చూడొద్దా, అన్నాడు.

మార్చి 27, శుక్రవారం

ఆట జరిగింది! మాస్టారు ఎత్తు వేసిన ప్రతిసారీ ఏది ఎక్కడికి జరిపాడో పైకి చెప్పాలి, అన్నయ్య తడిమి చూసుకోవాలి. అన్నయ్య గెలిచాడు. నేను చప్పట్లు కొట్టాను. మాస్టారు చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

అన్నయ్య ముఖం మాత్రం మాడిపోయింది. మాస్టారు తన ఫిరంగులు మూడూ కొండ వెనకే దాచి, ఒక్కటీ పేల్చలేదట. నాకు కళ్లు పోయాయి గానీ వేళ్లు పోలేదు, నా మీద జాలిపడేవాడితో నాకు ఆటేంటి, అన్నాడు. పెట్టె ఆయనకే ఇచ్చి రమ్మన్నాడు.

మార్చి 28

పెట్టె నా మంచం కింద ఉంది. ఇవ్వను.

మార్చి 30, సోమవారం

మాస్టారి షాపుకు వెళ్లాను. కంటికి భూతద్దం తగిలించుకుని ఏదో వాచీలో తలదూర్చి ఉన్నాడు. కడిగేశాను. పెద్దాయన అని కూడా చూడలేదు.

ఆయన తల ఎత్తలేదు. ఓడిస్తే మీ అన్నయ్య మళ్లీ ఆడనంటాడేమోనని భయమేసిందమ్మా, ఆయన మానేస్తే నాకు ఇంకెవరున్నారు, అన్నాడు. భూతద్దం తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. నేను తెచ్చుకున్న మిగతా తిట్లన్నీ మింగేశాను. ఇప్పుడు మానేసింది మీరు ఓడించినందుకు కాదు కదండీ, అని మాత్రం అన్నాను.

ఏప్రిల్ 1, బుధవారం

మాస్టారే అన్నయ్య దగ్గరికి వెళ్లాడట. ఇద్దరూ గంటసేపు అరుచుకున్నారని వదిన చెప్పింది. ఆ తర్వాత టీ అడిగారట. నేను పెట్టె తిరిగి అన్నయ్యకే ఇచ్చి వచ్చాను.

ఏప్రిల్ 3, శుక్రవారం

అన్నయ్య చిత్తుచిత్తుగా ఓడిపోయాడు. నలభై మందిలో నలుగురు మిగిలారు. వీధి చివరికి వినబడేలా మాస్టారిని తిడుతూ, తిడుతూ, నవ్వుతున్నాడు.

నది వెడల్పు చెయ్యాలట. మాస్టారి గుర్రాలు సులువుగా దాటేస్తున్నాయట.