తెరచాప వడికినవాళ్ళు

అమ్మా,

నీ సంవత్సరికం అయ్యాక నాన్న నా దగ్గరికి సింగపూర్ వచ్చాడు. ఆదివారం ఆఫీసు లేదు కదా అని మ్యూజియంలో వైకింగుల ప్రదర్శనకి తీసుకెళ్ళాను. వెయ్యేళ్ళ కిందట ఉత్తరపు సముద్రాల మీద దోపిడీకి తిరిగినవాళ్ళు వాళ్ళు.

అప్పటి పద్ధతిలో నేసిన ఉన్ని తెరచాప ముందు నాన్న ఆగిపోయాడు.

"నేత గట్టిగా ఉందే! ఎవడో మంచి పనివాడు."

నువ్వు పట్టుబట్టి చెప్పించిన చదువే కదా, పక్కనున్న పలక చదివి చెప్పాను. ఆ రోజుల్లో వడికిందీ నేసిందీ ఆడవాళ్ళే. ఓడ కట్టడం కంటే తెరచాపకే ఎక్కువ కాలం పట్టేదట.

నాన్న నవ్వాడు. "ఇంట్లో ఊసుపోక వడికుంటార్లే. సముద్రం దాటింది మగాళ్ళేగా!"

నాకు ఒళ్ళు మండింది. పొయ్యి మీద అన్నం పడేసి, నన్ను బడికి తరిమి, రాట్నం ముందు కూర్చుని నాన్న మగ్గానికి నూలు కండెలు చుట్టేదానివి. కండె లేనిదే మగ్గం ఆడదు. మగ్గం నాన్నది, కూలి నాన్నది, మంచి నేతగాడన్న పేరూ నాన్నదే.

"అమ్మ పోయాక మగ్గం ఎందుకు మానేశావు నాన్నా?"

"బెంగతోనే. ఊరంతా ఎరుగుదురు."

"కాదు. పెద్దకర్మ అయిన మర్నాడే మగ్గంలో కూర్చున్నావు. అమ్మ చుట్టిపెట్టిన కండెలు అయిపోయాకే లేచావు. నేను చూశాను."

గొంతు పెరిగిందేమో, గైడు పిల్ల పరిగెత్తుకొచ్చింది. "అంకుల్, ఓకే?"

"ఓకే, ఓకే," అన్నాడు నాన్న. గబగబా బయటికి నడిచాడు.

ఇవాళ ఫోనులో బాబాయితో, "మీ వదిన మీద బెంగతోనేరా మగ్గం మానేశాను," అని మళ్ళీ మొదలుపెట్టాడు. ఫోను లాక్కున్నాను.

"కండెలు లేక, బాబాయ్," అన్నాను.