సింధును ఎవరు కట్టేశారు?

నర్సంపేట, సోమవారం

సింధు అమ్మమ్మ యాకమ్మ గారికి, బడి పెద్ద టీచరు రాజేశ్వరి నమస్కరించి రాయునది.

మీ మనవరాలు మా మూడో తరగతిలో చేరి నెల దాటింది. మాటలు రాకపోయినా నవ్వుతో అందరినీ పలకరిస్తుంది. ఇలాంటి పిల్లల గురించి ఇప్పుడు కొత్త నియమాలు వచ్చాయి. బడిలో ఎవరూ వాళ్లను కట్టేయకూడదు, అదిమి పట్టుకోకూడదు, గదిలో ఒంటరిగా పెట్టి గొళ్లెం వేయకూడదు. ఇంటి సంగతి కూడా తెలుసుకోమన్నారు. మీరు పిల్లను ఎప్పుడైనా కట్టేస్తారా? గదిలో ఒంటరిగా ఉంచుతారా? మొహమాటపడకుండా రాసి, సింధు సంచిలో పెట్టి పంపండి.

ఇట్లు,
రాజేశ్వరి

తా.క.: సింధు ఇవాళ చాక్‌పీసు తిన్నది. సగమే. మిగతా సగం నాకు పెట్టింది.

*

మంగళవారం

రాజేశ్వరి టీచరమ్మకు యాకమ్మ దండాలు. నేను చెప్తాంటే పక్కింటి వినోద రాస్తాంది.

అబద్ధమెందుకు బిడ్డా, కడత. సెలవొస్తే పొద్దుగాల కట్టుడు, పొద్దుమూకినంక విప్పుడు. నా పాత చీరతోనే, మెత్తగుంటది. దాని తల్లి, నా బిడ్డ రమ పోయినప్పటి సంది ఇదే పద్ధతి.

ఇగ గదంటవా, మాకున్నదే ఒక్కటి. అండ్ల నేను, పిల్ల, రెండు మేకలు, వానొస్తే వినోదోళ్ల కోళ్లు. ఒంటరిగ ఉందామంటే నాకే జాగ లేదు.

మీరు గూడ కట్టుండ్రి. గంట కొడితే అది ఉరుకుతది, గేటు దాటితే రోడ్డే. నీ తాన చీర ఉన్నదో లేదో అని ఒకటి పంపుతాన్న.

యాకమ్మ వేలిముద్ర

తా.క.: నేను వినోదను. మా కోళ్లు రెండుసార్లే వెళ్లాయి టీచర్ గారూ.

*

బుధవారం

యాకమ్మ గారికి, రాజేశ్వరి కంగారుగా రాయునది.

మీ ఉత్తరం చదివాక నాకు అన్నం సహించలేదు. పసిపిల్లను పొద్దంతా కట్టేస్తారా? దేనికి కడతారు, మంచం కోడుకా, మేకల గుంజకా? తెలిసీ ఊరుకుంటే తప్పు నాదవుతుంది. పైవాళ్లకు రాయక తప్పదు. వాళ్లు సింధును మీ దగ్గర ఉంచకుండా హాస్టల్లో చేర్చమనవచ్చు. వెంటనే జవాబు రాయండి. చీర తిప్పి పంపుతున్నాను.

ఇట్లు,
రాజేశ్వరి

తా.క.: చీర నిజంగానే మెత్తగా ఉంది. అది వేరే సంగతి.

*

గురువారం

టీచరమ్మకు యాకమ్మ రాయించేది. ఈసారి దండాలు లేవు.

గుంజకు కట్టనీకి అది మేకనా? చీర ఒక కొస దాని నడుముకు, ఇంకో కొస నా నడుముకు! చేను పక్కన బాయి ఉన్నది. పిలిస్తే పిల్ల పలకది. నేను వంగి పత్తి ఏరుకుంట, తల ఎత్తేలోపల అది బాయి కాడికి పోతే? అది కూసుంటే నేను కూసుంట. సీతాకోకచిలుక ఎంబడి పోతే నేనూ పోత. మొన్న ఐతారం పక్కనున్న రాజమౌళి చేన్లకు నన్ను గుంజుకపోయింది. ఆయన పత్తి సగం సాలు ఏరినంకగాని నాకు ఎర్క కాలే. ఇప్పుడు ఊరంత నన్ను దొంగంటాంది.

హాస్టల్ల దాని ఆకలి ఎవలు జూస్తరు? దాన్ని తీస్కపోతే నేను బతుక బిడ్డా.

యాకమ్మ వేలిముద్ర

తా.క.: కాగితం మీద తడి మరకలు నావి. తిట్లు మూడు రాయకుండా వదిలేశాను. – వినోద

*

శుక్రవారం

యాకమ్మ గారికి, రాజేశ్వరి చేతులు జోడించి రాయునది.

సిగ్గుపడ్డాను. పైవాళ్లకు ఏమీ రాయడం లేదు. సింధు మీ దగ్గరే ఉంటుంది. బావికి కంచె వేయించమని సర్పంచిని నేనే అడుగుతాను. గంట కొట్టడం కూడా మానేశాం, చెయ్యి ఊపితే పిల్లలు వస్తున్నారు.

కానీ ఇవాళ ప్రార్థనలో మైకు కీచుమంది. సింధు గేటు వైపు ఉరికింది. గేటు వేసే ఉంది. నేను పట్టుకోలేదు, వెళ్లి పక్కన నిలబడ్డాను. కాసేపు వణికింది. తర్వాత నా కొంగు లాక్కుని తన నడుముకు చుట్టుకుని ముడి వేసుకుంది. అప్పటినుంచి ఎక్కడికి పోయినా ఇద్దరమే. రెండు తరగతులకు అలాగే పాఠం చెప్పాను. నియమాలు మళ్లీ తీసి చదివాను. టీచరు పిల్లను కట్టేయకూడదని ఉంది. పిల్ల టీచరును కట్టేస్తే ఏం చేయాలో ఎక్కడా లేదు.

ఇట్లు,
మీ రాజేశ్వరి

తా.క.: ముడి విప్పబోతే నా చెయ్యి తోసేస్తోంది. ఉత్తరం ఎప్పటిలాగే సింధు సంచిలో వస్తుంది, వెనకాలే నేనూ వస్తున్నాను. చదవడానికి వినోదను పిలవకండి. నేనే చదివి వినిపిస్తాను.