ముందే వెళ్ళే పొట్లాలు

శ్రీవారికి,

'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. అత్తయ్య పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతున్నారు. ఆవిడకి చదవడం రాదు, అయినా సిగ్గేసింది.

ఆదివారం వస్తానన్నారు. గొళ్ళెం చప్పుడైనప్పుడల్లా లేచి వెళ్ళాను. ఒకసారి పాలవాడు, ఒకసారి పక్కింటి పిన్ని. "ఏంటమ్మాయ్, నన్ను చూసి అలా వాడిపోయావ్?" అని ఆవిడ నవ్వింది. కణాలకి ఆహారం మార్చాలి, రాలేనని మీరు పంపిన కబురు సోమవారం అందింది. మీ ప్రయోగశాలలో వాటిని మేపడానికి ఉన్న తీరిక పెళ్ళాం మొహం చూడటానికి లేదన్నమాట.

ఇంకో సంగతి. మీ కిందటి ఉత్తరమంతా మేడమే. మేడమ్ పని నేర్పారు, మేడమ్ తన డబ్బాలోంచి కూర పెట్టారు. ఆవిడకి పెళ్ళయిందా? అత్తయ్య అడగమన్నారు.

గది సర్ది నన్ను తీసుకెళ్తానని పెళ్ళైన కొత్తలో అన్నారు. ఇంకా సర్దుతూనే ఉన్నారా?

ఇట్లు,
గొళ్ళెం వైపు చూస్తున్న మీ ఇంటి మనిషి


ప్రియమైన అలకపిల్లకి,

మేడమ్‌కి పెళ్ళయింది, మనవలు కూడా ఉన్నారు. అడిగింది అమ్మేనని నమ్మేశానులే.

నా పని ఏమిటో చెబుతాను, అప్పుడైనా కోపం తగ్గుతుందేమో. మా దగ్గర సీసాల్లో క్యాన్సర్ కణాలు పెరుగుతాయి. వెచ్చటి పెట్టెలో ఉంచి, రోజు విడిచి రోజు పాత ద్రవం తీసేసి కొత్తది పోయాలి. సెలవని ఊరుకుంటే చచ్చిపోతాయి. మిగతాచోట్ల ఆ పాత ద్రవం పారబోస్తారు. మాకు మాత్రం అదే కావాలి. క్యాన్సర్ కణాలు అందులోకి చిన్న చిన్న పొట్లాలు వదులుతాయి. మేడమ్ వాటిని వెసికిల్స్ అంటారు. మామూలు సూక్ష్మదర్శినిలో కూడా కనబడవు. ద్రవాన్ని యంత్రంలో గిర్రున తిప్పితే అడుక్కి చేరతాయి.

మనిషి ఒంట్లో అయితే ఆ పొట్లాలు రక్తంలో పడి ఊపిరితిత్తులకో, ఎముకలకో ముందే వెళ్ళిపోతాయట. అక్కడి చోటుని మెత్తబరిచి, కాపలా ఉండే కణాలని మాయచేసి, రాబోయే క్యాన్సర్‌కి గది సిద్ధం చేస్తాయట. ఆ తర్వాత గడ్డ నుంచి విడిపోయిన కణం వచ్చి దర్జాగా దిగుతుంది. ఆ పొట్లాలని దారిలోనే ఆపగలమా అన్నది మేడమ్ వెతుకులాట.

మన గది ఇంకా కాలేదు. ఒక్క మంచమే పడుతుంది, కిటికీ మూసుకోదు. కొన్నాళ్ళు ఓర్చుకో.

నీ,
ఊపిరి బిగబట్టి పనిచేసేవాడు


శ్రీవారికి,

క్యాన్సర్ కూడా తనవాళ్ళ కోసం గది సిద్ధం చేయిస్తుందట. మీకు కిటికీ మూసుకోదు.

మీ డ్రైవరు స్నేహితుడు మీరు పంపిన దుప్పటి తెచ్చాడు. మంచినీళ్ళు తాగుతూ అన్నాడు: "మావాడికి ఆ సీసా అంటే ప్రాణం చెల్లెమ్మా. ఇంకొకర్ని ముట్టుకోనివ్వడు. ఎంతైనా మొదటావిడ కదా!"

"మొదటావిడేంటన్నయ్యా?"

"అదే... ఆవిడ గడ్డలోంచి తీసినవే కదా ఆ కణాలు. నీకు చెప్పలేదా?" అని గ్లాసు అక్కడే వదిలేసి చెప్పులేసుకున్నాడు.

పోయినావిడ గోడ మీది ఫోటోలోనే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఫోటోతో సర్దుకుపోవచ్చు. దానికి ఆకలి వేయదు. కానీ ఆవిడ అక్కడ వెచ్చటి పెట్టెలో బతికే ఉంది, మీ చేత్తో తింటోంది. ఆవిడకి ఆదివారాలు, నాకు దుప్పటి.

దుప్పటి అత్తయ్యకిచ్చేశాను.

ఇట్లు,
రెండో ఆవిడ


శ్రీవారికి,

మీ దగ్గర్నుంచి జవాబు లేదు. డ్రైవరు అబద్ధం చెప్పాడని రాసినా నమ్మేదాన్ని.

దుమ్ము దులుపుతానని ఆవిడ ఫోటో దించి ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. గోడ మీద తెల్లటి మచ్చ మిగిలింది. అత్తయ్య దాన్ని చూసి, కొంగుతో ఒకసారి తుడిచి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. మీరైనా తిట్టండి.

ఇట్లు,
నిద్ర పట్టని మీ మనిషి


ప్రియమైన అలకపిల్లకి,

వాడి నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ వాడికి చెప్పాను, నీకు చెప్పలేకపోయాను. అందుకు నువ్వే నన్ను తిట్టాలి.

ఆపరేషన్ అప్పుడు గడ్డలో ఒక ముక్క పరిశోధనకి ఇస్తారా అని అడిగారు. ఆవిడే సంతకం పెట్టింది. సీసా మీద అంకె తప్ప పేరుండదు, కానీ ఆ అంకె ఆవిడ ఫైలు మీద చూసినవాణ్ణి, మర్చిపోలేదు. గడ్డ మొత్తం తీసేశామన్నారు. ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత ఊపిరితిత్తుల్లో తేలింది. తీసేసింది అక్కడికెలా వెళ్ళిందని అందరినీ అడిగాను. మేడమ్ ఒక్కరే, "తెలీదయ్యా, వెతుకుతున్నాం. వచ్చి పని చేస్తావా?" అన్నారు.

ఆ సీసాలో ఆవిడ లేదు. ఆవిడని తినేసింది ఉంది. నేను మేపుతున్నది దాన్ని. అది చస్తే పొట్లాలు వదలదు, వదలకపోతే మాకు చిక్కదు. ఆహారం పోసేటప్పుడు నా పళ్ళు బిగుసుకుంటాయి. దాన్ని ప్రేమ అనుకున్నాడు పాపం వాడు.

ఒక్క మంచమే పడుతుందన్నది సాకు. కిటికీ కూడా ఎప్పుడో బాగైంది. ఇదే గదికి ఆవిడని నవ్వుతూ తీసుకొచ్చాను. నిన్ను తేవాలంటే భయమేసింది, అంతే. నీ రెండు ఉత్తరాలూ పక్కన పెట్టుకుని నిన్న ఇంకో మంచం చేర్చాను. తెర కట్టాను. అద్దానికి మేకు నీ ఎత్తుకి కొట్టాను, సరిపోతుందో లేదో.

వస్తావా?

నీ,
భయస్థుడు


ప్రియమైన శ్రీవారికి,

ఈసారి కొట్టెయ్యలేదు.

నా ఉత్తరాలు కూడా ఆ పొట్లాల్లాంటివేనేమో. నాకంటే ముందు మీ గదికి చేరి, నా కుళ్ళుకి పక్క పరిచి పెట్టాయి. ఇక రాయను. శనివారం బస్సుకి నేనే వస్తున్నాను, అత్తయ్య దిగబెడతారు. దుప్పటి వెనక్కి తీసుకున్నాను. "ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటావేం?" అని ఆవిడ నవ్వారు.

ఆదివారం మీరు సీసా దగ్గరికి వెళ్ళండి, నేను బయట బల్ల మీద కూర్చుంటాను. దాన్ని బాగా మేపండి. చిక్కేదాకా.

ఫోటో అద్దం పగలకుండా నా బట్టల మధ్య పెట్టాను. ఆవిడని అక్క అనమని అత్తయ్య ఎప్పుడో చెప్పారు, నాకు నోరు రాలేదు. అక్కకి కూడా ఒక మేకు కొట్టి ఉంచండి. కిటికీ పక్కన, వెలుతురు బాగా పడేచోట.

అక్కణ్ణుంచి మన మంచాలు మాత్రం కనబడకూడదు.

బయల్దేరుతున్న,
మీ అలకపిల్ల