సూది గుచ్చిన చెయ్యి

అక్కా, మీ మరిది గండం గడిచి బయటపడ్డారు, కంగారు పడకు. సెలైన్ సూది గుచ్చినచోట చెయ్యి ఎర్రగా వాచిందని మొత్తుకుంటే, "మామూలేనమ్మా, కూర్చో" అంది నర్సు. మర్నాటికి మంచం ఊగిపోయేంత వణుకు, జ్వరం. రక్తంలో బాక్టీరియా చేరిందట. పెద్ద డాక్టరుకు అడ్డంగా నిలబడి, "ముందు ఆయన్ని చూడండి, తర్వాత పోదురుగాని" అన్నాను. అప్పుడు మందు మార్చారు, జ్వరం దిగింది. పక్క మంచం మేస్త్రీకీ ఇదే జబ్బు. అతని తరఫున అరిచేవాళ్లు లేరు, నిన్న పోయాడు. నాకు ఒళ్లు మండిపోతోంది.

మెత్తటి దుప్పటి పంపు. నీ దగ్గరున్న మా పాప బడికి వెళుతోందా? మా అత్తగారితో ఉత్త జ్వరమనే చెప్పు. రేపు ఊరినుంచి మేస్త్రీ భార్య వస్తుంది. జరిగిందంతా ఆమెకు చెప్పకుండా ఇక్కడినుంచి కదలను. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు