ప్రిడీ కాల్చిన కట్ట

లండన్,
1829 నవంబరు

చిరంజీవి తమ్ముడు సైలస్‌కు అక్క ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ, మరదలూ, మీ క్యాబేజీ మళ్ళూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

"బావ పోయి రెండేళ్ళయింది, ఆ రాగిరేకులు ఇంకా ఎందుకు, అమ్మెయ్యి" అని రాశావు. ఆ మాట ఇంకోసారి రాస్తే నీ ఉత్తరం విప్పను. మీ బావ పద్యమూ బొమ్మా కలిపి ఒకే రేకు మీద చెక్కేవారు. అక్షరాలు అద్దంలోలా తిరగేసి రాసేవారు. సిరా పూసి అచ్చు తీసిందీ, రంగులు వేసిందీ నేను. బొగ్గుల కొట్టు మెట్ల మీద ప్రవక్తలు కూర్చుని తనతో మాట్లాడుతున్నారని ఆయనంటే వీధి వీధంతా నవ్వింది. నువ్వూ నవ్వావు.

బావ కాళ్ళ దగ్గర కూర్చుని పని నేర్చుకున్న ప్రిడీ గుర్తున్నాడా? ఇప్పుడేదో కొత్త ప్రార్థన మందిరంలో చేరి మహాభక్తుడైపోయాడు. పోయిన మంగళవారం వచ్చాడు.

"అమ్మగారూ, ఆయనకు కనిపించింది దేవదూతలు కాదు, సైతాను. ఈ రాతలుంటే ఆయన ఆత్మకు శాంతి లేదు."

"ఆరేళ్ళు నా ఇంట్లో రొట్టె తిన్నప్పుడు ఆ సైతాను నీకు కనబడలేదా నాయనా?"

అయినా నా పొయ్యిలోనే బావ రాతల కట్ట ఒకటి కాల్చిపోయాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళున్నారని విన్నాను, తగలబెట్టేవాణ్ణి ఇప్పుడే చూశాను. మిగతావాటి కోసం శనివారం బండి తెస్తాడట.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ కట్ట వాడు వెతికి తీసింది కాదు. నేనే చేతికిచ్చాను. మాకు పిల్లల్లేరని ఇంకో ఆడదాన్ని ఇంటికి తెచ్చుకుంటానని మీ బావ రాసిన పద్యాలవి. ముప్పై ఏళ్ళు నా కడుపు మండించాయి. అవి మండుతుంటే నేను చలి కాచుకున్నాను, తమ్ముడూ. బూడిదయ్యాక ఒక్కొక్క పంక్తే నోటికి రావడం మొదలైంది. పాడు మనిషి, ఎంత బాగా రాశారో.

శుక్రవారం నీ కూరగాయల బండి తీసుకురా. రేకులూ, మిగిలిన కాగితాలూ క్యాబేజీల కింద పెట్టి తీసుకుపో. ఏమీ చెక్కని రేకు ఒక్కటి నేనుంచుకున్నాను. పెళ్ళినాడు సంతకం రాక చర్చి పుస్తకంలో గీత గీసిందాన్ని నేను. నాకు అక్షరాలు నేర్పిందీ, వాటిని తిరగేసి చెక్కడం నేర్పిందీ ఆయనే. కాలిపోయిన ఆ పద్యాలే దాని మీద చెక్కుతున్నాను. నాలుగు పంక్తులయ్యాయి. ఈసారి నేనే పొయ్యిలో వేద్దామన్నా కాలవు.

ఇట్లు,
కోపం ఇంకా చల్లారని నీ అక్క
టాబిత