కీర్తిశేషులు క్లెమెన్స్‌గారి శుభలేఖ

ఒల్షింకా, మార్చి 8, 1995

చిరంజీవి దోబ్రోహ్నాకు, హిరోనిమ్ మావయ్య ముద్దులతో ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం కులాసా, నువ్వు పెట్టి వెళ్ళిన మిషను తప్ప. నలభై రెండేళ్ళు సీసపు అక్షరాలు పేర్చినవాణ్ణి. ఏనాడూ ఒక్క అక్షరం నాకు ఎదురు చెప్పలేదు. క్రిస్మస్‌కి వచ్చి నువ్వు కంప్యూటరు తగిలించి, అందులో టెక్ అనే అచ్చుకూర్పు పెట్టి, "మావయ్యా, మీకు రెండే మాక్రోలు, అంటే తయారు మూసలు, రాశాను, చావు ప్రకటనకొకటి, పెళ్ళి శుభలేఖకొకటి. పేరూ తేదీ కొట్టండి, మిగతాదంతా అదే చూసుకుంటుంది" అన్నావు. చూసుకుంది తల్లీ. చక్కగా చూసుకుంది.

నిన్న పొద్దున తాళాల జాకుబ్ వాళ్ళ అమ్మగారు పోయిన ప్రకటన కొట్టాను. కాగితం కలిసొస్తుందని దాని కిందే, అదే ఫైల్లో, బొగ్గు కొట్టు క్లెమెన్స్‌గారి శుభలేఖ కూడా కొట్టాను. వచ్చింది చూస్తే చుట్టూ బొటనవేలంత నల్ల గీత, పైన సిలువ, మధ్యలో "కీర్తిశేషులు క్లెమెన్స్‌గారికీ కీర్తిశేషులు అపొలోన్యాగారికీ వివాహం" అని ఉంది. ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు కుర్చీ వెతుక్కున్నాడు.

అపొలోన్యాగారు నీకు గుర్తుండే ఉంటుంది, మన ఫాదర్ వీత్‌కి చెల్లెలు. భర్త పోయి పదకొండేళ్ళయింది. మంగళ, గురువారాలు మధ్యాహ్నం వచ్చి చర్చి పత్రిక ప్రూఫులు దిద్దుతుంది. ఈ సంబంధం ఫాదరే కుదిర్చాడు. ఆయన అడిగాడట, ఆవిడ మాట్లాడలేదట. మౌనం అర్ధాంగీకారం కదా అని మిగతా సగం ఆయనే కలుపుకున్నాడు. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారానికి నూట నలభై శుభలేఖలు కావాలి. అందకపోతే క్లెమెన్స్‌గారు జిల్లా పట్నంలో వేయించుకుంటాడు, ఆయన వెంట చర్చి పని కూడా పోతుంది. చర్చి పని పోతే ఇక మంగళవారాలుండవు, గురువారాలుండవు.

నీ మావయ్య,
హిరోనిమ్

తా.క. ఇవాళ మహిళా దినం కదా, అపొలోన్యాగారికి ఒక కార్నేషన్ పువ్వు ఇచ్చాను. ఎందుకని అడిగింది. వీధిలో ఆడవాళ్ళందరికీ ఇస్తున్నానని చెప్పాను. దాంతో ఇంకో పదహారు కొనాల్సి వచ్చింది.

*

తొరున్, మార్చి 12

మావయ్యగారికి నమస్కారం. అత్తారింట్లో, కాలేజీలో, ఇంట్లో అందరం బాగున్నాం.

మిషనుకి ఏ జబ్బూ లేదు. మీరు రెండు పనులు ఒకే ఫైల్లో పెట్టారు, అదే తప్పు. చావు ప్రకటన దగ్గర సంతాపం మొదలవుతుంది, నల్ల గీతా కీర్తిశేషులూ దాంతోనే వస్తాయి. సంతాపాన్ని మీరు మొదలుపెట్టారు గాని ముగించలేదు. ముగించమని మీరు చెప్పేదాకా అది ఎంతమంది వచ్చినా ఏడుస్తూనే ఉంటుంది. కాబట్టి ముందు సంతాపం ముగించండి, ఆ తర్వాతే పెళ్ళి మొదలుపెట్టండి. ఇంతకన్నా ఏమీ లేదు.

ఇంకో మాట. మిషను మధ్యలో ఆగి ప్రశ్నార్థకం చూపిస్తే కంగారు పడకండి. అర్థం కాని చోట అది మిమ్మల్ని అడుగుతుంది, మీరు జవాబు చెప్పేదాకా కదలదు. ఎంటర్ నొక్కితే తన దారిన పోతుంది. అక్కడే ఏదైనా చేర్చాలనుకుంటే 'I' కొట్టి, వెంటనే ఆ మాట కొట్టండి. ఫైల్లో చేరదు గాని, అచ్చులో ఆ చోట పడుతుంది. ఈ ఉత్తరం మిషను పైన గోడకి అంటించుకోండి.

మీ
దోబ్రోహ్నా

తా.క. పదిహేడు కార్నేషన్లలో మొదటిది ఎవరికిచ్చారో అమ్మకి చెప్పలేదు.

*

ఒల్షింకా, మార్చి 17

చి. దోబ్రోహ్నాకు ఆశీస్సులు.

నీ ఉత్తరం గోడకి అంటించాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను, అదీ చాలా కష్టపడి. ఒక ఆడమనిషితో ఇలాంటి మాట ఎలా చెప్పడమా అని ఒక రాత్రంతా ఆలోచించి, చివరికి చెప్పేశాను. "అపొలోన్యాగారూ, తొరున్‌లో మా మేనకోడలు లెక్కలు చెప్పే మనిషి, తెలిసిన పిల్ల. మీరు సంతాపం ముగిస్తే గాని పెళ్ళి మొదలుపెట్టకూడదని రాసింది" అన్నాను.

పదకొండేళ్ళుగా నలుపు తప్ప కట్టని మనిషి, నిన్న గురువారం నీలం కోటు వేసుకుని వచ్చింది. ఆ కోటులో ఆవిడ ఎలా ఉందో రాయను, నాకు అరవై నాలుగేళ్ళు.

ఫలితం సగం వచ్చింది. నల్ల గీత పోయింది, సిలువ పోయింది. అపొలోన్యాగారు బతికారు. క్లెమెన్స్‌గారు మాత్రం బతకలేదు. ఇప్పటికీ కీర్తిశేషులే. ఇల్లు అలకగానే పండగ కాదని మా అమ్మ అనేది.

నీ మావయ్య,
హిరోనిమ్

తా.క. మిషను డాలరు తక్కువైందని ఇంగ్లీషులో రాసింది. తనే వేసుకున్నానని కూడా రాసింది. ఒకరి దగ్గర ఊరికే తీసుకునే అలవాటు మన వంశంలో లేదు కనుక ఇందులో రెండు డాలర్లు పెడుతున్నాను. ఎవరికివ్వాలో నీకే తెలుసు.

*

తొరున్, మార్చి 21

మావయ్యగారికి నమస్కారం.

ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. నేను ముగించమన్నది అపొలోన్యాగారి సంతాపం కాదు. చావు ప్రకటన చివర ఒక ఫ్లవర్ బ్రాకెట్టు ఉంటుంది, దాన్ని మూయమన్నాను. నల్ల గీత పోయిందంటే ఆ బ్రాకెట్టు ఎవరో మూసే ఉండాలి. కోటు మార్చినందుకు మాత్రం పోలేదు.

డాలర్లు వెనక్కి పంపుతున్నాను. టెక్‌ని లెక్కలవాళ్ళ కోసం పుట్టించారు. లెక్క మొదలయ్యే చోట డాలరు గుర్తు పెడతారు. అతిథి పేరు చేత్తో రాసుకోవడానికని మీరు పెళ్ళికొడుకు పేరుకి ముందు ఒక అడుగుగీత వదిలారు చూడండి, అది చూసి లెక్క అనుకుని, మీరు గుర్తు పెట్టడం మరిచారని తనే పెట్టుకుంది. ఆ గీతకి ముందు ఒక వాలుగీత పెట్టండి. మిషను ఆగదు, ప్రశ్న అడగదు.

పెళ్ళికొడుకు ఇంకా ఎందుకు లేవట్లేదో నాకు అర్థం కాలేదు. ఆ మాట అక్కడ ఉండటానికి ఏ కారణమూ లేదు. మిషన్లో ఉన్నదంతా ఫ్లాపీలోకి ఎక్కించి పంపండి. ఏం జరిగిందో అన్ని వివరాలూ రాయండి, ఏదీ చిన్నదని వదలొద్దు.

మీ
దోబ్రోహ్నా

తా.క. నీలం కోటు గురించి రాయనన్నారు. అమ్మ అడుగుతోంది.

*

ఒల్షింకా, మార్చి 29

చి. దోబ్రోహ్నాకు ఆశీస్సులు.

గోరుచుట్టు మీద రోకటి పోటు. ప్రకటనలు గోడలకి అంటించే బర్నాబాని నువ్వెరుగుదువు, ఆయనకి కళ్ళు సరిగా ఆనవు. సోమవారం వచ్చి నా బల్ల మీది కాగితాలు పట్టుకుపోయాడు. వాటిలో నల్ల గీతతో వచ్చిన మొట్టమొదటి శుభలేఖ ఉంది. దాన్ని చర్చి గేటుకి అంటించేశాడు. ఆయన్ని మాత్రం ఏమనగలం. పేరు, తేదీ, చర్చి, గంట, బంధుమిత్రులందరూ దయచేయవలెను అనే మాట, అన్నీ రెండింటికీ ఒకటే కదా.

మధ్యాహ్నానికల్లా బొగ్గు కొట్టుకి మూడు పూలదండలు వచ్చాయి. పనివాళ్ళు సగం రోజు సెలవడిగారు. ఆయన బతికే ఉన్నాడని తెలిశాక కూడా అడిగారు. క్లెమెన్స్‌గారు దండలు వాపసు చెయ్యబోతే, ఒకసారి రిబ్బను మీద పేరు రాశాక తీసుకోనని పూలకొట్టు ఆవిడ చెప్పేసింది. ఆయన మర్నాడు మధ్యాహ్నం నేరుగా నా దగ్గరికొచ్చి, ఇది కావాలని చేస్తున్నానని అరిచి, మట్టల ఆదివారం దాటితే నా మొహం చూడనన్నాడు. అప్పుడు అపొలోన్యాగారు అక్కడే ఉంది. ఆయన వెళ్ళగానే నవ్వింది. నవ్వితే ఆవిడ ఎడమ బుగ్గన సొట్ట పడుతుంది. మిషనుకి దీనితో సంబంధం లేదు, కానీ నువ్వు ఏదీ వదలొద్దన్నావు.

వాలుగీత పెట్టాను, నా చేత్తో పెట్టాను. అయినా నిన్నటి ప్రూఫులో మళ్ళీ కీర్తిశేషులే. ఎంత వెతికినా ఫైల్లో ఆ మాట కనిపించదు, అచ్చులో మాత్రం దిగుతుంది. ఫాదర్‌ని పిలిచి మిషను మీద తీర్థం చల్లించమంటావా?

నీ మావయ్య,
హిరోనిమ్

తా.క. ఫ్లాపీలో అన్నీ ఎక్కించాను. అందులో 'అపొ' అనే పేరుతో ఒక ఫైలుంటుంది. దాన్ని తెరవకు.

*

తొరున్, ఏప్రిల్ 2

మావయ్యా,

తీర్థం వద్దు, కరెంటుకి పడదు.

మీ ఫైలు ఇక్కడ నడిపాను. క్లెమెన్స్‌గారు నిక్షేపంగా బతికున్నారు. కానీ మీరు పెట్టానన్న వాలుగీత అందులో లేదు. పెట్టినదాన్ని ఎవరో తీసేశారు. కాబట్టి మిషను పెళ్ళికొడుకు పేరుకి సరిగ్గా ముందు ఆగి, ప్రశ్నార్థకం చూపించింది. నేను ఎంటర్ నొక్కాను, ముందుకు పోయింది. మీ దగ్గర ఎంటర్ నొక్కలేదు.

ఎలా తెలుసంటారా? మిషను తనకి జరిగిందంతా ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆఖరిసారి నడిచిన చిట్టా ఫ్లాపీలో వచ్చింది. మార్చి 28, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. మిషను ప్రశ్న అడిగింది. కుర్చీలో ఉన్న మనిషి 'I' కొట్టి, 'కీర్తిశేషులు' అని కొట్టారు. నేను గోడకి అంటించుకోమన్న ఉత్తరంలో ఎలా చెప్పానో అచ్చం అలాగే.

ఆ కుర్చీ మీది మావయ్యా. 'అపొ' ఫైలు తెరిచాను, కోప్పడండి. పదకొండేళ్ళలో మీరు కాగితం మీద రాసి పంపని ఉత్తరాలు నలభై, తేదీలతో సహా అందులోకి ఎక్కించి ఉన్నాయి. ఒక్కటైనా ఆవిడకి ఇవ్వకుండా, ఆవిడకి కాబోయే మొగుణ్ణి వారానికి రెండుసార్లు అక్షరాలతో చంపుతున్నారా? ఇది మగతనం కాదు, పెద్దరికం అంతకన్నా కాదు. మీకు చెప్పేంత దాన్ని కాను, అయినా చెబుతున్నాను. వెళ్ళి ఆవిడతో మాట్లాడండి. లేదా ఎంటర్ నొక్కి, నూట నలభై వేసి, నోరు మూసుకోండి.

మీ
దోబ్రోహ్నా

తా.క. అమ్మ ఏడుస్తోంది. పన్నెండో ఉత్తరం దగ్గర మొదలుపెట్టింది.

*

ఒల్షింకా, ఏప్రిల్ 7

చి. దోబ్రోహ్నాకు,

నీ ఉత్తరం అందింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యని పనికి నాకే చెమటలు పట్టాయి. ఎందుకంటే అలా చెయ్యాలని రోజూ అనిపించింది, చేతకాలేదంతే.

సిగ్గు విడిచి ఒక నిజం చెబుతాను. ఆ మీటలు నేను నొక్కడం లేదు. నలభై రెండేళ్ళు అక్షరం పేర్చిన వేళ్ళు ఇవి, దాని మీద ఒకటి నొక్కబోతే మూడు పడుతున్నాయి. ఆ 'అపొ' ఫైలు ఎక్కించడానికే రెండు నెలల రాత్రుళ్ళు పట్టాయి. నా చేత్తో పెట్టానన్న వాలుగీత కూడా నేను కాగితం మీద పెన్సిల్తో పెట్టిందే. నీ దగ్గర పరువు పోతుందని చెప్పలేదు. మార్చి రెండో వారం నుంచి బ్రాకెట్లు మూసేదీ, నడిపేదీ, అచ్చు తీసేదీ అపొలోన్యాగారు. మంగళ, గురువారాలు మూడింటికి నేను కొత్త పళ్ళు కట్టించుకోవడానికి డాక్టరు దగ్గర ఉంటున్నాను. పళ్ళ సంగతీ నీకు చెప్పలేదు.

నిన్న గురువారం పళ్ళు మానేశాను. మూడూ ఇరవైకి తలుపు తీస్తే ఆవిడ నీలం కోటుతో కుర్చీలో ఉంది. తెర మీద ప్రశ్నార్థకం ఉంది. ఆవిడ ఉలిక్కిపడలేదు, దాచబోలేదు. నీ చిట్టా సంగతి చెప్పి, అది మీరేనా అని అడిగాను. అవునంది. ఇష్టం లేకపోతే అన్నగారికి ఆ మాట చెప్పొచ్చు కదా అన్నాను.

"ఎప్పుడు చెప్పను, హిరోనిమ్‌గారూ? ఆయన ప్రశ్నా ఆయనే అడుగుతాడు, జవాబూ ఆయనే చెప్పుకుంటాడు. పదకొండేళ్ళలో నన్నొక ప్రశ్న అడిగి, నేను చెప్పేదాకా ఆగింది ఈ మిషనొక్కటే."

మిషనుకున్న ఓపిక, మర్యాద నాకు లేకపోయాయని సిగ్గేసింది. టోపీ తీసి పక్కన పెట్టి నేనూ ఒక ప్రశ్న అడిగాను. ఏం అడిగానో నీకూ మీ అమ్మకీ తెలుసు, నలభైసార్లు చదివారు కదా. అడిగి, ఆగాను. ఎంతసేపైనా కదలకూడదనుకున్నాను. ఆవిడ మిషను వైపు తిరిగి, 'I' కొట్టి, నా పేరు కొట్టి, ఎంటర్ నొక్కింది.

కాగితం బయటికొచ్చింది. "హిరోనిమ్ క్లెమెన్స్‌గారికీ అపొలోన్యాగారికీ వివాహం" అని ఉంది. అమ్మాయీ, మాట ఎలా చేర్చాలో రాశావు గాని, ఉన్న మనిషిని ఎలా తియ్యాలో రాయలేదు. ఎల్లుండే మట్టల ఆదివారం. ఫోను చెయ్యి.

నీ మావయ్య,
హిరోనిమ్

తా.క. ఫాదర్ వీత్‌కి ఈ సంగతి చెప్పే మాక్రో ఏదైనా ఉంటే అది కూడా కావాలి. సిలువా నల్ల గీతా లేనిదే పంపు.